మెగాడ్రైవ్ 2లో కొత్త సౌండ్ బోర్డు పెట్టాక హోరు, మాయమైన జంప్ శబ్దం: ఎక్కడ వెతకాలి

తమ్ముడూ, ఇదే తంటాతో వచ్చే మిగతావాళ్లకి కూడా పనికొస్తుందని నీ ప్రశ్నని ముందు రెండు ముక్కల్లో చెప్తాను. నీ ఇల్లు విశాఖ ఎంవీపీ కాలనీలో. మేనమామగారు షిప్పులో పనిచేసే రోజుల్లో సింగపూర్ నుంచి తెచ్చిన సెగా మెగాడ్రైవ్ 2 అనే వీడియో గేమ్ మెషిన్ ఉంది. పాత సౌండ్ సర్క్యూట్ మసకగా వినిపిస్తోందని, దాన్ని పక్కకి తప్పించే చిన్న స్టీరియో యాంప్ బోర్డు తెప్పించి నువ్వే సోల్డర్ చేశావు. ఇప్పుడు నాలుగు బాధలు. తెర తెల్లబడినప్పుడల్లా బర్‌మని హోరు వస్తోంది. సోనిక్ ఆటలో హీరో సోనిక్ ఎగిరితే శబ్దమే లేదు. రింగులు ఏరుతుంటే ఒకటి వినిపిస్తే ఒకటి వినిపించడం లేదు. సంగీతం గట్టిగా వచ్చే చోట పగిలినట్టు ఉంది. ఒరిజినల్ అడాప్టర్ పాడైతే పాత రౌటర్ తాలూకు 12 వోల్టుల అడాప్టర్‌కి ప్లగ్ మార్చి వాడుతున్నానని కూడా రాశావు, మెషిన్ లోపలి ఫోటో పెట్టావు. చివర్లో అడిగావు: "బోర్డు పోయిందా అన్నా, ఇంకోటి ఆర్డర్ పెట్టనా?"

పెట్టకు. బోర్డు పోతే సాధారణంగా ఏమీ వినిపించదు, లేదా అన్నీ ఒకేలా చెడిపోతాయి. నీకు వస్తున్నవి ఒకదానితో ఒకటి సంబంధం లేని బాధలు. నాలుగింటికీ నాలుగు అడ్రసులు ఉన్నాయి. సోల్డరింగ్ ఐరన్ వేడిచేసే ముందు కూర్చుని ఆట వింటే సగం అడ్రసులు దొరికిపోతాయి. ఈ మెషిన్‌కి ఆటే మంచి టెస్టింగ్ పరికరం. అది ఎందుకో తెలియాలంటే లోపల శబ్దం ఎక్కడ పుడుతుందో కొంచెం తెలుసుకోవాలి.

మెగాడ్రైవ్‌లో శబ్దం రెండు చోట్ల పుడుతుంది. ఒకటి సంగీత స్వరాలు పుట్టించే యమహా వారి ఎఫ్ఎం చిప్. మొదటి మోడల్‌లో ఇది వైఎం2612 అనే విడి చిప్. మోడల్ 2లో చాలా బోర్డుల్లో దీన్ని పెద్ద చదరపు చిప్ లోపలే కలిపేశారు. ఆరు చానెళ్లు, స్టీరియో. ఆరో చానెల్‌ని డ్రమ్ముల్లాంటి రికార్డు చేసిన శబ్దాలకి కూడా వాడతారు. రెండోది పీఎస్‌జీ. ఇది మాస్టర్ సిస్టమ్ కాలం నాటి బీప్ శబ్దాల సర్క్యూట్. మెగాడ్రైవ్‌లో వీడియో చిప్‌లోనే ఉంటుంది, దాని అవుట్‌పుట్ మోనో. అంటే నీ కొత్త బోర్డుకి ముఖ్యంగా మూడు వైర్లు శబ్దాన్ని మోస్తాయి: ఎఫ్ఎం ఎడమ, ఎఫ్ఎం కుడి, పీఎస్‌జీ. మిగిలినవి 5 వోల్టులు, గ్రౌండ్. సెగా సీడీ, 32ఎక్స్ లాంటి అదనపు పరికరాలు తగిలించుకున్నవాళ్లకి ఇంకో రెండు మూడు ఉంటాయి, నీకు అక్కర్లేదు.

ఇప్పుడు నీ సోనిక్ సంగతి. సోనిక్ ఎగిరే శబ్దం పీఎస్‌జీ నుంచి వస్తుంది. రింగు శబ్దం ఎఫ్ఎం నుంచి వస్తుంది. అదీ ఒక రింగు ఎడమ స్పీకర్‌లో, తర్వాతి రింగు కుడి స్పీకర్‌లో, మార్చి మార్చి. మొదట్లో వచ్చే "సేగా" అనే కేక, పాటల్లోని డ్రమ్ములు ఆరో చానెల్‌వి. ఈ మూడు ముక్కలు గుర్తుంటే చాలు. జంప్ లేదంటే పీఎస్‌జీ వైరు దారిలో ఎక్కడో తెగింది. రింగు ఒకటి విడిచి ఒకటి వినిపిస్తోందంటే ఎఫ్ఎం ఎడమ, కుడి దారుల్లో ఒకటి పడుకుంది. ఒకవేళ ఎవరికైనా సంగీతం అంతా బాగుండి డ్రమ్ములు మాత్రమే పూర్తిగా పోతే, వాళ్లు సౌండ్ బోర్డుని అనుమానించి టైమ్ వృథా చేసుకోవద్దు. డ్రమ్ములు కూడా ఎఫ్ఎం బయటికొచ్చే అవే రెండు పిన్నుల్లోంచి వస్తాయి. వైరు తప్పుగా పెట్టి డ్రమ్ముల్ని మాత్రం పోగొట్టడం కుదరదు. అలాంటప్పుడు చూడాల్సింది ఆ రికార్డు శబ్దాల్ని ఎఫ్ఎం చిప్‌కి పంపే జెడ్80 అనే చిన్న ప్రాసెసర్ వైపు.

సోనిక్ 2 క్యాసెట్ ఉంటే ఇంకా సుఖం. ఆప్షన్స్‌లోకి వెళ్తే సౌండ్ టెస్ట్ ఉంటుంది, కావలసిన శబ్దాన్ని మళ్లీ మళ్లీ మోగించుకోవచ్చు. ఒక చేత్తో ప్యాడ్, ఇంకో చేత్తో ప్రోబ్ పట్టుకుని పనిచేసేటప్పుడు దీని విలువ తెలుస్తుంది.

మెషిన్ విప్పే ముందు టీవీ వైపు చూడు. ఇక్కడ చాలామంది దెబ్బతింటారు. పాత సీఆర్‌టీ టీవీల్లో చాలావాటికి పసుపు, తెలుపు సాకెట్లే ఉంటాయి. ఆడియో మోనో. అందులో తెల్ల ప్లగ్ ఒక్కటే పెడితే ఎడమ చానెల్ మాత్రమే వినిపిస్తుంది, కుడివైపు రింగులు గాలిలో కలిసిపోతాయి. నువ్వు చేసిన మార్పులో (మోడ్‌లో) తప్పేమీ ఉండదు. ఎర్రది, తెల్లది తారుమారు చేసి పెట్టి చూడు. ఇంతకుముందు వినిపించని రింగు ఇప్పుడు వినిపిస్తే రెండు చానెళ్లూ కేబుల్ చివరిదాకా బాగానే వస్తున్నట్టు. ఎటు మార్చినా అదే చానెల్ మూగగా ఉంటే తప్పు మెషిన్‌లోనో కేబుల్‌లోనో ఉన్నట్టు.

ఈమధ్య వచ్చే ఎల్ఈడీ టీవీల్లో ఇంకో గొడవ. మూడు సాకెట్ల బదులు హెడ్‌ఫోన్ రంధ్రంలాంటిది ఒకటి ఇచ్చి, దానికో అడాప్టర్ వైరు ఇస్తారు. ఆ ప్లగ్గులో ఏ వలయం వీడియో, ఏది ఆడియో, ఏది గ్రౌండ్ అన్నది కంపెనీకో రకం. వేరే టీవీతో వచ్చిన వైరు పెడితే వీడియో సిగ్నల్ ఆడియో దారిలోకి వచ్చి బర్ర్‌మంటుంది. టీవీతో వచ్చిన వైరే వాడుతున్నావో లేదో చూసుకో.

కేబుల్ విషయం ఇంకోటి. మోడల్ 2 వెనక ఉన్న 9 పిన్నుల సాకెట్‌లో ఎడమ, కుడి పిన్నులతో పాటు విడిగా మోనో పిన్ను కూడా ఉంటుంది. చవక కేబుళ్లు కొన్ని ఆ మోనో పిన్నునే తీసుకుని ఎర్ర, తెల్ల ప్లగ్గులు రెండింటికీ ఇస్తాయి. నీ కొత్త బోర్డు ఎడమ, కుడి పిన్నులకి కలిపి ఉంటుంది. అలాంటి కేబుల్ పెడితే నువ్వు వింటున్నది పాత సర్క్యూటే, అదీ మిగిలి ఉంటే. మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టి, కేబుల్ ఎర్ర ప్లగ్ మధ్య పిన్నుకీ తెల్ల ప్లగ్ మధ్య పిన్నుకీ తాకించు. బీప్ వచ్చిందంటే అది మోనో కేబుల్. నీకు రింగులు ఒకటి విడిచి ఒకటి వస్తున్నాయి కాబట్టి నీది అలాంటిది కాకపోవచ్చు, అయినా పరీక్షకి అర నిమిషం కూడా పట్టదు.

ఇక హోరు. మన దేశంలో ఇందులో ఒక చిక్కు ఉంది. కరెంటు 50 హెర్ట్జ్. నీది పాల్ (మన దగ్గరి పాత టీవీ పద్ధతి) మెషిన్, దాని వీడియో కూడా సెకనుకు 50 సార్లే తిరుగుతుంది. కాబట్టి కరెంటు హోరు, వీడియో నుంచి కారే హోరు రెండూ ఒకే శ్రుతిలో ఉంటాయి. చెవికి తేడా తెలియదు. తేడా చెప్పేది తెర. తెర నల్లగా ఉన్నప్పుడు తగ్గి, తెల్లబడగానే పెరిగితే అది వీడియో నుంచి వచ్చినది. తెర మీద ఏమున్నా ఒకేలా గుయ్‌మంటే కరెంటు వైపునుంచి వచ్చినది. నీది మొదటి రకం అని నువ్వే రాశావు.

వీడియో హోరు ఆడియోలోకి రావడానికి సాధారణంగా రెండే దారులు. ఒకటి, వైర్ల దారి. కొత్త బోర్డు నుంచి సాకెట్‌కి వెళ్లే వైర్లని వీడియో ఎన్‌కోడర్ చిప్ మీదుగా లాగావేమో చూడు. నీ ఫోటోలో రిబ్బన్ కేబుల్ కనిపిస్తోంది. రిబ్బన్‌లో 5 వోల్టులు, ఆడియో, గ్రౌండ్ అన్నీ పక్కపక్కనే పడుకుంటాయి. వాటిని విడదీసి, ఆడియోకి షీల్డ్ ఉన్న సన్న వైరు వాడు. పాడైపోయిన ఇయర్‌ఫోన్ల వైరు వద్దు, అందులోని లక్క పూత తీగలు సోల్డర్ అవడానికి ఏడిపిస్తాయి. మైకు వైరు అని అడిగితే డాబాగార్డెన్స్, సూర్యాబాగ్ వైపు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో మీటర్ లెక్కన ఇస్తారు. షీల్డ్‌ని ఒక చివరే గ్రౌండ్‌కి కలుపు.

రెండో దారి గ్రౌండ్. నీ ఫోటోలో బోర్డు గ్రౌండ్ వైరు రెగ్యులేటర్ దగ్గరి హీట్‌సింక్ స్క్రూకి వెళ్లింది. సులువుగా దొరికింది కదా అని చాలామంది అక్కడే కలుపుతారు. కానీ మెషిన్ మొత్తం కరెంటు తిరిగి వెళ్లే దారి అదే, అక్కడ గ్రౌండ్ స్థిరంగా ఉండదు. తెర మీద బొమ్మ మారినప్పుడల్లా ఆ కరెంటు మారుతుంది, ఆ మార్పు నీ ఆడియోలో కలుస్తుంది. గ్రౌండ్‌ని వెనక సాకెట్ దగ్గరున్న గ్రౌండ్ పిన్ను నుంచి తీసుకో. పొట్టి వైరు, ఒకే చోట. నా లెక్కలో నీ హోరులో ఎక్కువ భాగం ఈ ఒక్క మార్పుతో పోతుంది.

అది పోయాక కూడా సన్నటి గుయ్ మిగిలితే సెట్‌టాప్ బాక్స్ కేబుల్‌ని టీవీ నుంచి పీకి చూడు. వీధి కేబుల్ గ్రౌండ్ ఒక దారి, నీ ఇంటి ఎర్త్ ఇంకో దారి, రెండూ టీవీ దగ్గర కలిస్తే హోరు పుడుతుంది. పీకగానే ఆగిపోతే మెషిన్‌ని వదిలెయ్. ఆడేటప్పుడు ఆ కేబుల్ తీసి ఉంచుకోవడమే చవకైన మందు.

అడాప్టర్ గురించి నిక్కచ్చిగా చెప్తాను: ఆ రౌటర్ అడాప్టర్ మానెయ్. మోడల్ 2కి కావలసింది 10 వోల్టులు, 0.85 ఆంపియర్, మధ్య పిన్ను ప్లస్. మొదటి మోడల్‌కి అడాప్టర్ వేరు, దానికి మధ్య పిన్ను మైనస్. ఈ రెండూ తారుమారు చేసి మెషిన్లు కాల్చుకున్నవాళ్లు ఉన్నారు. లోపల 7805 రెగ్యులేటర్ మిగిలిన వోల్టేజీని వేడిగా మార్చి 5 వోల్టులు ఇస్తుంది. మెషిన్ 0.6 ఆంపియర్ లాగుతోందనుకుంటే 10 వోల్టుల దగ్గర 3 వాట్ల వేడి, 12 దగ్గర 4.2 వాట్లు. మే నెలలో విశాఖ ఉక్కపోతలో ఆ తేడా చిన్నది కాదు. పైగా చవక స్విచింగ్ అడాప్టర్ల కీచు శబ్దాన్ని 7805 పూర్తిగా ఆపలేదు. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాత బరువైన అడాప్టర్ దొరికితే తీసుకో. దాన్ని దేనికీ పెట్టకుండా కొలిస్తే 13, 14 వోల్టులు కూడా చూపించవచ్చు. రెగ్యులేట్ కానివాటిలో అది మామూలే, లోడ్ పడగానే దిగుతుంది. ఏ అడాప్టర్‌నీ విప్పకు. మెషిన్ లోపల ఉన్నది చిన్న డీసీ వోల్టేజీ, అడాప్టర్ లోపల 230 వోల్టులు.

ఇప్పుడు విప్పి, జంప్ శబ్దం ఎక్కడ ఆగిపోయిందో పట్టుకుందాం. దీనికి ఆసిలోస్కోప్ అక్కర్లేదు. ఇంట్లో మూల పడేసిన పాత కంప్యూటర్ స్పీకర్లు, లోపల యాంప్ ఉన్నవి, చాలు. వాటి 3.5 ఎంఎం వైరు కోసి, షీల్డ్ తీగకి మొసలి క్లిప్ తగిలించి మెషిన్ గ్రౌండ్‌కి పెట్టు. లోపలి తీగకి వరసగా ఒక 1 మైక్రోఫారడ్ పోలారిటీ లేని కెపాసిటర్, ఒక 1 కిలో ఓం రెసిస్టర్ కలిపి, చివర కుట్టుసూది పెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టు. కెపాసిటర్ డీసీని ఆపుతుంది, రెసిస్టర్ చెయ్యి జారినా నష్టం కాకుండా కాస్తుంది. స్పీకర్ వాల్యూమ్ బాగా తగ్గించి మొదలుపెట్టు.

సోనిక్‌ని గంతులు వేయిస్తూ, కొత్త బోర్డు మీద పీఎస్‌జీ అని రాసి ఉన్న చోట సూది తాకించు. జంప్ వినిపించిందా? అయితే తప్పు బోర్డులోనే, ఆ ఇన్‌పుట్ రెసిస్టర్ దగ్గర డ్రై సోల్డర్, అంటే సరిగా అతకని సోల్డర్, ఉంటుంది. వినిపించలేదా? వైరు పట్టుకుని మెయిన్ బోర్డు వైపు వెళ్లు. నీ విషయంలో ఇదే జరుగుతుందని నా అనుమానం, ఎందుకంటే పాత సర్క్యూట్‌ని విడగొట్టడానికి కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు తీసేశానని రాశావు. పీఎస్‌జీ శబ్దం చిప్ నుంచి ఆ భాగాల మీదుగానే వచ్చేది. నువ్వు భాగం తీసేశాక వైరుని చిప్ వైపు ప్యాడ్‌కి (భాగం కాలు అతికించే రాగి చుక్కకి) కాకుండా అవతలి ప్యాడ్‌కి కలిపి ఉంటావు. వంతెన కూలిన తర్వాత అవతలి ఒడ్డున బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు అయింది. సూది ఇవతలి ప్యాడ్ మీద పెట్టు, జంప్ గట్టిగా వినిపిస్తుంది. వైరు అక్కడికి మార్చు, అంతే.

రింగుల సంగతికి కూడా ఇదే పద్ధతి. ఎఫ్ఎం ఎడమ, కుడి ఇన్‌పుట్లు, తర్వాత ఆప్-యాంప్ (కొత్త బోర్డు మీద శబ్దాన్ని పెంచే చిప్) అవుట్‌పుట్లు, తర్వాత సాకెట్ పిన్నులు, వరసగా వింటూ వెళ్లు. ఎక్కడ రెండూ సమానంగా ఉండి, తర్వాతి చోట ఒకటి తగ్గిందో ఆ రెండింటి మధ్యే దొంగ ఉన్నాడు. ఒక చానెల్ పూర్తిగా పోకుండా నీరసంగా ఉంటే మాత్రం ముందు చూడాల్సింది పాత సర్క్యూట్. ఎడమవైపు విడగొట్టి కుడివైపు మర్చిపోతే, కుడి సిగ్నల్ రెండు సర్క్యూట్లకీ పంచుకుపోతుంది. పాత సర్క్యూట్ అవుట్‌పుట్ ఇంకా సాకెట్‌కి కలిసి ఉంటే ఇంకా ఘోరం: రెండు యాంప్‌లు ఒకే పిన్ను మీద కొట్టుకుంటాయి. ఈ రకం మోడ్‌లలో వచ్చే ఫిర్యాదుల్లో చాలా పాత సర్క్యూట్‌ని పూర్తిగా విడగొట్టకపోవడం వల్లే. నీ బోర్డు రివిజన్ నంబర్ మెయిన్ బోర్డు మీద వీఏ అనే అక్షరాలతో ఉంటుంది. తీయాల్సిన భాగాలు రివిజన్‌ని బట్టి మారతాయి. వేరే రివిజన్ ఫోటో చూసి తీస్తే ఇలాగే అవుతుంది.

పీఎస్‌జీ గురించి ఒక హెచ్చరిక కూడా. అది మోనో కాబట్టి ఎడమకీ కుడికీ విడివిడి రెసిస్టర్ల ద్వారా కలవాలి. బోర్డులో ఆ ఏర్పాటు ఉంటుంది. ఎవరైనా తెలివిగా పీఎస్‌జీ వైరుని నేరుగా రెండు చానెళ్లకీ అతికిస్తే ఎడమ, కుడి ఒకటైపోయి స్టీరియో మొత్తం మోనో అవుతుంది. జంప్ తిరిగొచ్చాక అది సంగీతాన్ని మింగేసేలా ఉంటే పీఎస్‌జీ రెసిస్టర్ విలువ పెంచు, తగ్గుతుంది.

శబ్దం పగలడం నాలుగో బాధ. బోర్డు 5 వోల్టుల మీద నడుస్తుంది కాబట్టి ఆప్-యాంప్ తన అవుట్‌పుట్‌ని 2.5 వోల్టుల దగ్గర నిలిపి, అక్కడి నుంచి పైకీ కిందకీ ఊపుతుంది. మల్టీమీటర్ డీసీలో పెట్టి, ఆట పాజ్‌లో ఉంచి ఆప్-యాంప్ అవుట్‌పుట్ పిన్నుని కొలు. 2.5కి దగ్గరగా ఉండాలి. 1 దగ్గరో 4 దగ్గరో ఉంటే ఒకవైపు గోడకి తగిలి శబ్దం పగులుతుంది. ఇన్‌పుట్ కెపాసిటర్ తిరగేసి పెట్టి ఉంటే ఇలా అవుతుంది, లేదా సగం వోల్టేజీ ఇచ్చే రెండు రెసిస్టర్లలో ఒకదాని సోల్డర్ సరిగా పట్టలేదు. అవుట్‌పుట్ కెపాసిటర్ దాటాక మాత్రం సున్నా ఉండాలి. దాని ప్లస్ కాలు ఆప్-యాంప్ వైపు.

2.5 సరిగ్గానే ఉండి ఇంకా పగులుతుంటే ఆప్-యాంప్ మీద నంబర్ చదువు. మంచి పేరుంది కదా అని బోర్డుతో వచ్చినది తీసి ఎన్ఈ5532 పెట్టేవాళ్లు ఉన్నారు. ఆడియోలో అది గొప్ప చిప్పే, కానీ ప్లస్ మైనస్ 5 వోల్టులు, అంటే మొత్తం 10 వోల్టులు, ఆ పైన పనిచేయడానికి చేసింది. ఒంటరి 5 వోల్టుల మీద దానికి ఊపిరాడదు. ఇక్కడ ఎంసీపీ6002 లాంటి రైల్-టు-రైల్ రకం, అంటే సున్నా నుంచి 5 దాకా దాదాపు మొత్తం ఊపగలిగేది, నయం. అది కూడా సరిగ్గానే ఉంటే గెయిన్ (శబ్దాన్ని ఎన్ని రెట్లు పెంచుతోందన్నది) ఎక్కువైనట్టు. బోర్డు మీద ట్రిమ్మర్ (గెయిన్ మార్చే చిన్న స్క్రూ) ఉంటే అదే టీవీలో సెట్‌టాప్ బాక్స్ శబ్దానికి సమానంగా వినిపించేదాకా తగ్గించు.

మరొకరికి బేస్ పోయి పలచగా వినిపిస్తోందంటే, అవుట్‌పుట్‌లో 10 మైక్రోఫారడ్ బదులు 0.1 పెట్టారేమో చూడాలి. 10 కిలో ఓంల టీవీ ఇన్‌పుట్ మీద 0.1 పెడితే 160 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసుకుపోతుంది. 10 పెడితే ఆ హద్దు 1.6కి దిగుతుంది.

మన ఊరి గాలి సంగతి మర్చిపోకు. బీచ్ రోడ్డు దగ్గర ఇళ్లలో కిటికీ గ్రిల్లులు ఎలా తుప్పు పడతాయో చూస్తూనే ఉన్నావు, వెనక సాకెట్ పిన్నులకీ అదే గతి. కేబుల్ కదిపితే చిటపటమంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ప్లగ్గుని పదిసార్లు పెట్టి తీయి. సోల్డర్ చేసేటప్పుడు చిన్న డబ్బాలో వచ్చే పేస్ట్ వాడి ఉంటే ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) పాత టూత్‌బ్రష్ పెట్టి శుభ్రంగా కడుగు. ఆ పేస్ట్ తేమ పీల్చుకుని పిన్నుల మధ్య కరెంటు కారుస్తుంది. వర్షాకాలంలో సన్నటి గొణుగుడు మొదలై ఎండాకాలం మాయమైతే కారణం అదే.

ఇవన్నీ అయ్యాక శబ్దం మునుపటికన్నా పదునుగా, కొంచెం గరుకుగా అనిపించవచ్చు. అది తప్పు కాదు. సెగా పాత సర్క్యూట్లు పై శ్రుతుల్ని బాగా కోసేసేవి, అందుకే మసకగా ఉండేది. ఇప్పుడు చిప్ అసలు గొంతు వింటున్నావు. వైఎం2612 ఉన్న మొదటి మోడల్‌లో అయితే మంద్రమైన శబ్దాల అడుగున ఒక గరగర ఎప్పుడూ ఉంటుంది. అది ఆ చిప్ పుట్టుకతో వచ్చింది, ఏ బోర్డూ తీసెయ్యలేదు. కొందరికి అదే ఇష్టం.

పాత ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లన్నీ మార్చనా అని కూడా అడిగావు. ఇప్పుడే వద్దు. ముందు సూదిని 5 వోల్టుల లైన్ మీద పెట్టి విను, కెపాసిటర్ వరసలో ఉంది కాబట్టి భయం లేదు. చవక పసుపు మల్టీమీటర్లలో ఏసీ అతి చిన్న రేంజే 200 వోల్టులు, సప్లైలో ఉండే చిన్న అలల్ని అది చూపించలేదు, చెవే నయం. అక్కడ గట్టిగా గుయ్‌మంటే రెగ్యులేటర్ పక్కనున్న పెద్ద కెపాసిటర్ మార్చు. నిశ్శబ్దంగా ఉంటే మిగతావాటి జోలికి పోకు.

మూసేటప్పుడు మెయిన్ బోర్డుని కప్పి ఉన్న రేకు షీల్డ్‌ని తీసి పారేయకు, తిరిగి పెట్టు. కొత్త బోర్డు కింద, పైన క్యాప్టన్ టేపు (వేడికి తట్టుకునే ఇన్సులేషన్ టేపు) వేసి, రేకు దేనికీ తగలడం లేదని బీప్ మోడ్‌లో చూసుకుని స్క్రూలు బిగించు. గ్రౌండ్, పీఎస్‌జీ వైర్లు మార్చాక ఇంకా ఏదైనా మిగిలితే మెయిన్ బోర్డు రెండు వైపుల ఫోటోలూ, ఆప్-యాంప్ అవుట్‌పుట్ దగ్గర కొలిచిన వోల్టేజీ పెట్టు.